డేగ పెట్టుకున్న కళ్ళద్దాలు

ఆమెని డిపోలో అందరూ డేగ అనేవాళ్ళు. బ్యాంకు డబ్బు మోసే బండికి పదహారేళ్ళుగా తుపాకీ కాపలా ఆమెది. ఏటా పెట్టే కాల్పుల పరీక్షలో దూరాన నిలబెట్టిన ఇనప పలకని పదికి తొమ్మిది గుళ్ళు తగ్గకుండా కొట్టేది కాబట్టి ఆ పేరు. ఎవరి దిష్టి తగిలిందో గానీ, ఈ ఏడు రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే తుపాకీ లాక్కుంటారు. తుపాకీ లేని కాపలామనిషికి ఆ కంపెనీలో పని లేదు. ఇంట్లో చూస్తే నడుం పడిపోయి మంచం పట్టిన మొగుడు.

"నీ గురి కుదరకపోతే ఏమైందే, ఆ ఇనప పలకనే నాలుగడుగులు ముందుకి రమ్మను," అన్నాడతను, నవ్విద్దామని. ఆమెకి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

చిత్రమేమిటంటే దూరం ఆమెకి శుభ్రంగా కనపడేది. అయినా గుళ్ళు పక్కకి పోయేవి. ఎవరో చెప్పారని పసుపు అద్దాలు కొంది, మరెవరో చెప్పారని గోధుమరంగువి కొంది. పలక ఇంకాస్త మెరిసింది తప్ప గుండు మాత్రం దాని మొహం చూడలేదు.

పరీక్ష రేపనగా కళ్ళద్దాల షాపుకి పరిగెత్తింది. షాపు ముసలాయన అక్షరాల అట్ట చదవమంటే చివరి వరస దాకా గడగడా చదివేసింది.

"నీ చూపుకేమమ్మా, నిక్షేపంగా ఉంది."

"మరి నాకీ చావెందుకొచ్చిందండీ?"

ఆయన కాసేపు ఆలోచించి, తుపాకీ పట్టుకున్నట్టు చెయ్యి చాపమన్నాడు. కంటి దగ్గర్నుంచి పిడికిలి దాకా టేపుతో కొలిచాడు. బొటనవేలి గోరు మీద పెన్నుతో చుక్క పెట్టి, ఒక్కో అద్దమే మారుస్తూ పోయాడు. నాలుగో అద్దానికి చుక్క నల్లగా, గుండ్రంగా తేలింది. ఎదుటి గోడ మీది అక్షరాలు అలుక్కుపోయాయి.

"అయ్యో, దూరంది మసకైపోయిందండీ!"

"కానీ. నువ్వు తేటగా చూడాల్సింది గురి చూసేందుకు తుపాకీ కొసనున్న ఆ ఇనప మొనని. అది మసకైతే గుండు ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. ఈ వయసులో అందరికీ వచ్చేదేలే."

అన్నాళ్ళ అవమానానికీ కారణం ఒక పెన్ను చుక్కలో దొరికింది. కానీ ఆ నంబరు గట్టి ప్లాస్టిక్‌లో, పగలని రకంలో కావాలంటే వారం పడుతుందట. చేతిలో ఉన్నవి మామూలు గాజువి.

"ఇవి కుట్టుపనికి వాడుకో. వీటితో మాత్రం తుపాకీ పట్టకు తల్లీ. పలకకి తగిలిన గుండు ముక్కలై వెనక్కొస్తుంది. గాజు పగిలి కంట్లో దిగిందంటే ఇక నా షాపుతో పనుండదు."

"అబ్బే, పట్టనండీ," అంది. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని ఆమెకే తెలియదు.

ఇంటికెళ్ళి తెల్లటి ప్లాస్టిక్ డబ్బా మూత కత్తిరించి, అద్దాలకి రెండు పక్కలా దడి కట్టినట్టు అంటించింది. అచ్చం రక్షణ అద్దాల్లాగే తయారయ్యాయి. పోతే ఒక కన్ను పోతుంది, ఉద్యోగం పోతే ఇల్లంతా పోతుంది అనుకుంది. పాడు ఆలోచనే. ఆమె చోట ఉంటే మనమూ అదే ఆలోచిస్తాం.

మర్నాడు పొద్దున పదికి తొమ్మిది కొట్టింది. ఒక్కో గుండుకీ ప్రాణం బిక్కుబిక్కుమంటూనే ఉంది. పరీక్ష పెట్టే సారు ఆ అద్దాలేమిటో పట్టి చూడాల్సిన మనిషి. చూడలేదు సరికదా, పొంగిపోయాడు.

"డేగ మళ్ళీ డేగైంది! అద్దాలంటే ఇలా ఎంచుకోవాలి, చూసి నేర్చుకోండి!"

తర్వాతి వంతు అదే బండిలో ఆమెతో పాటు కాపలా కాసే మనిషిది. డేగ పక్కన ఉంటుందని ఆమెకి పిచ్చుక అని పేరు పెట్టారు. రెండేళ్ళు చిన్న. ఆమెకీ అదే మసక, ఆమెకీ ఇదే ఆఖరి అవకాశం. గబగబా వచ్చి చెయ్యి చాచింది.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఈ పది గుళ్ళకీ ఆ అద్దాలియ్యవా?"

"నీకు సరిపడవే."

"ఇవ్వమ్మా, అరిగిపోతాయా ఏం?" అన్నాడు సారు.

పిచ్చుక అప్పటికే అవి ఆమె మొహం మీంచి లాక్కుని, పెట్టుకుని, తుపాకీ ఎత్తి నిలబడింది. డేగ ఒక అడుగు ముందుకేసింది. తన కన్నైతే తన ఇష్టం. పిచ్చుక కన్నో? సారు ఈల నోట్లో పెట్టుకున్నాడు.

"ఆపండి! అవి గాజువి!"

సారు వచ్చి అద్దాన్ని గోటితో కొట్టి విన్నాడు. మొహం మాడిపోయింది. తొమ్మిది మీద అడ్డంగా గీత గీశాడు. పెట్టెలోంచి పగలని అద్దాలు తీసి ఇద్దరికీ ఇచ్చి, కాల్చమన్నాడు. వాటికి నంబరు లేదు. తుపాకీ మొన మళ్ళీ మసకైపోయింది. డేగకి నాలుగు వచ్చాయి, పిచ్చుకకి మూడు.

తుపాకులు అప్పగించి ఇద్దరూ గేటు దాకా నడిచారు. నా కన్ను కాపాడావక్కా అని ఒక్క మాటైనా అంటుందేమోనని డేగ ఎదురుచూసింది. ఆ మాట ఒక్కటే ఆమెకి మిగిలిన ఆశ.

పిచ్చుక కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నీకు పది గుళ్ళకీ ఏమీ కాలేదు కదక్కా," అంది. "నాకూ అయ్యేది కాదేమో. నువ్వు నోరు మూసుకునుంటే ఇద్దరం గట్టెక్కేవాళ్ళం."