అంతయ్యకు ఎక్కించిన సీసా

బత్తాయి బస్తాలు మోసేవాడికి ముందు నడుము పోతుందని గడ్డిఅన్నారం మార్కెట్లో హమాలీలు అంటుండేవారు. అంతయ్యకు నడుము నిక్షేపంగా ఉంది. గుండె పోయింది. నల్లగొండ పల్లె నుంచి బత్తాయి లారీ మీద కూర్చుని వచ్చి, ఆ లారీ సరుకే దించి, ఆ సాయంత్రమే ఈ ఊరివాడైపోయిన మనిషి.

ఎల్బీనగర్‌లో గుండె డాక్టరు మురళీకృష్ణ గుంటూరు వైపువాడు. “గుండె సాగిపోయిందండీ. పంపు సరిగా కొట్టట్లేదు. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, మానెయ్యాలి. ఒంట్లో చేరే నీటిని ఈ మాత్ర ఒంటేలుకు పంపేస్తుంది. ఒక్క రోజు కూడా ఆపకూడదు” అన్నాడు. అంతయ్య ఆపలేదు. మోత మానుకుని, కాయలు ఏరే పనిలో కూర్చున్నాడు.

అలా ఉండగా సకల జనుల సమ్మె వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్కన హమాలీలు టెంటు వేసి రిలే నిరాహార దీక్షకు దిగారు. దీక్షల గురించి నానా దేశాల చరిత్రలు చదివాను. ఆకలి గురించి పేజీలకు పేజీలు రాశారు గానీ, దీక్షలో కూర్చున్నవాడు ఒంటేలుకు ఎటు పోవాలో ఒక్కరూ రాయలేదు. అంతయ్య చిక్కంతా అక్కడే వచ్చింది. మాత్ర వేసుకుంటే కాసేపటికోసారి లేవాలి.

“అంతన్నా, మల్ల లేస్తున్నవా? దీక్షల కూసున్నవా, ఇరానీ హోటల్ల కూసున్నవా?” అన్నాడు పక్కనున్న లింగస్వామి. అతనిదీ అదే ఊరు, అదే మోత.

“ఒంటేలుకురా బై!”

“గన్నిసార్లా? ఏదీ, నోరు సూపియ్యి. ఉస్మానియా బిస్కెట్ వాసనొస్తదేమో!”

టెంటంతా నవ్వింది. అంతయ్య కూడా నవ్వాడు. మర్నాటి నుంచి మాత్ర వేసుకోలేదు.

“గోలీ ఏస్కున్నవా?” అని భార్య ఈరమ్మ అడిగితే, “ఉత్త కడుపుల ఎట్లేస్కుంటనే? దీక్ష అయినంక సూద్దాం” అన్నాడు. రోజుకొకరు మారాల్సిన దీక్షే అది. కానీ ఎవరు రాకపోయినా ఆ చోటు అంతయ్యదే అయ్యేది. బరువు మోయలేనివాడికి ఆకలైనా మోస్తున్నానన్న తృప్తి కాబోలు.

కాళ్లు ఉబ్బాయి. ఒక బందు రోజు పొద్దున టెంటులోనే తూలిపోయాడు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. లింగస్వామి అతన్ని గల్లీలోని ఆరెంపీ రామస్వామి దగ్గరికి నడిపించుకుపోయాడు.

“పస్తులున్నడు సార్, నీరసమైంది. ఒక బాటిల్ ఎక్కియ్యి.”

మన వైపు నీరసం అంటే సెలైన్ సీసా. అది ఎక్కితేనే వైద్యం జరిగినట్టు. అందులో ఉన్నది ఉప్పు నీళ్లే అని ఎవరూ అనుకోరు. ఏడాదిగా పప్పులో ఉప్పు ఎరగని మనిషికి తిన్నగా నరంలోకి పోసిన ఉప్పు. ఆ ఏడే ఆఫ్రికాలో జ్వరంతో పడిపోయిన పిల్లల మీద జరిగిన పెద్ద పరిశోధన ఒకటి చదివాను. గబగబా సీసాలు ఎక్కించిన పిల్లల్లోనే చావులు ఎక్కువ. వైద్యులే నివ్వెరపోయారు. ఇక మా గల్లీ మాటేమిటి?

తగిలించడానికి కొక్కెం లేదు. సీసా ఖాళీ అయ్యేదాకా లింగస్వామే చేతులు మార్చుకుంటూ ఎత్తి పట్టుకున్నాడు. అయ్యేసరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి, అంతయ్య పడుకోలేక లేచి కూర్చుని గాలికోసం ఎగబీలుస్తున్నాడు. పండ్ల తోపుడు బండి మీద ఎల్బీనగర్ ఆసుపత్రికి చేర్చారు. రాస్తారోకో జనం దారిచ్చారు.

“ఏమైనా ఎక్కించారా?” మురళీకృష్ణ అడిగాడు.

“ఒక బాటిల్ సార్. నేనే పట్టుకున్న.”

డాక్టరు తల ఊపి చీటీలో రాసుకున్నాడు. ఆ తల ఊపును లింగస్వామి మెప్పు అనుకున్నాడు.

ముక్కుకూ నోటికీ మాస్కు బిగించారు, ఇంజెక్షన్లు ఇచ్చారు. ఒంటేలు రాలేదు. కిడ్నీలు ఆగిపోతున్నాయన్నారు.

“దానికి మంచి మందేదన్న ఎక్కియ్యరాదు సార్?” అన్నాడు లింగస్వామి.

“చాలా ఏళ్లు వాడిన మందొకటుందండీ. అది కిడ్నీని కాపాడదని పరిశోధనల్లో తేలిపోయింది.”

“మనోనికి పనిచేస్తదేమో!”

డాక్టరు అప్పటికి వచ్చి చేరిన ఈరమ్మ వైపు తిరిగాడు. “గొంతులో గొట్టం వేస్తే మిషను ఊపిరి ఆడిస్తుందమ్మా. గుండె మాత్రం బాగుపడదు.”

“మల్ల లేస్తడా సార్?”

“లేవకపోవచ్చు.”

“అయితే గొంతుల ఏం పెట్టకుర్రి. గాయనకు దూప అయితుంది. నీళ్లని సైగ చేస్తుండు.”

నర్సులు అప్పటిదాకా తడి దూదితో పెదవులు అద్దారే గానీ, ఒంట్లో నీరు ఇంకా పెరుగుతుందని గుక్క నీళ్లు పడనివ్వలేదు. మురళీకృష్ణ తనే మాస్కు సడలించాడు. “ఇవ్వండమ్మా. ఎన్ని అడిగితే అన్ని ఇవ్వండి.”

ఈరమ్మ ఆ మాటకు డాక్టరు ముఖం చూసింది. చెంచాతో పోయడం మొదలుపెట్టింది.

తలుపు దగ్గర నిలబడ్డ లింగస్వామి ఆ చెంచాను చూసి ఫోను తీశాడు. టెంటుకు చేశాడు. “అరే, డాక్టరు నీళ్లియ్యమన్నడురా! అంతన్న తాగుతుండు! ఫికర్ లేదు!” ఫోనులోంచి జై తెలంగాణ అని కేక వినబడింది. ఈరమ్మ తల తిప్పలేదు.