మేత సున్నా

కావలి ట్రంకురోడ్డులో మందుల షాపు పైనున్న కంప్యూటర్ సెంటరులో విజయకుమారి పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక కింద బోర్డు చాలాసార్లు మారింది. ఒకప్పుడు జావా అని ఉండేది. తర్వాత డాట్‌నెట్ వచ్చింది. ఇప్పుడు పైథాన్, దాని పక్కన ఏఐ. మెట్లెక్కి వచ్చే తండ్రుల ప్రశ్న మాత్రం మారలేదు.

"ఇప్పుడు ఏ లాంగ్వేజి నడస్తా ఉండాది మేడం?"

ఆ మాట వినగానే ఆమె పెదవి ఒక పక్కకు వంగుతుంది. పొగరుబోతని వెనక అనుకుంటారు. అనుకోనీ, అనుకుంటుంది ఆమె.

అందరిలోకీ ఆమెకు బొత్తిగా గిట్టనివాడు అల్లూరు మాల్యాద్రి. రొయ్యల గుంటలు చేస్తాడు. పక్క గుంటవాడు ఏ రొయ్యపిల్ల పోస్తే తనూ అదే పోస్తాడు. వాడు తెగులుకు భయపడి ముందే రొయ్య పట్టేస్తే, తన రొయ్య బాగున్నా సరే, ఎదగకముందే వల వేయిస్తాడు. కూతురు ప్రత్యూష చదువూ అంతే. ఎవరో చెప్పారని జావాలో చేర్చి, మరెవరో నవ్వారని సగంలో మాన్పించాడు. వెబ్‌సైట్లకు గిరాకీ అని జావాస్క్రిప్టులో వేసి అదీ లాగేశాడు. ఇప్పుడు సీ లాంగ్వేజి. ఆ పిల్లకు మూడు భాషల్లో నమస్కారం చెప్పడం వచ్చు, ఒక్కదాంట్లోనూ మాట్లాడటం రాదు. ఈసారైనా నాన్న చివరిదాకా ఉండనిస్తాడా అన్నదే ప్రత్యూష బెంగ.

ఆ రోజు ప్రత్యూష రొయ్యల బరువు ఇస్తే ఎంత మేత వేయాలో చెప్పే ప్రోగ్రాం రాసింది. బరువులో నూటికి మూడు వంతులు మేత. ఎంత బరువిచ్చినా తెర మీద సున్నాయే వస్తోంది. సరిగ్గా అప్పుడే మాల్యాద్రి వచ్చి వెనక నిలబడ్డాడు.

"మేత సున్నానా! దీన్ని నమ్ముకుంటే గుంటంతా ఆకలికి చావాల్సిందే. మా పక్క గుంట పెంచలకృష్ణ కొడుకు ఇదే పైథాన్‌లో కొట్టినాడు మేడం, టక్కున వచ్చింది. పనికిమాలిన లాంగ్వేజి ఇది. పదమ్మా, మార్చేద్దాం."

"మార్చండి," అంది విజయకుమారి తల తిప్పకుండానే. "రొయ్య పెరక్కపోతే నీళ్లు చూస్తారా, ఊరు మారస్తారా?"

"ఏంది మేడం అట్టంటారు? ఉద్యోగం రావద్దా?"

"పైథాన్ నేనే నేర్పిస్తా, తొందరగా పనైపోద్ది దాంతో. ఏ ఆఫీసుకి పోయినా డేటా తియ్యాలంటే ఎస్‌క్యూఎల్ కావాల, అదీ నేర్పిస్తా. సున్నా ఎందుకొచ్చిందో తెలీని పిల్లకి ఏది నేర్పితే మాత్రం ఏముంది? ఆ పెంచలకృష్ణ కొడుకునే అడగండి, వాడికి సరిగ్గా ఎందుకొచ్చిందో. చెప్తాడేమో చూద్దాం."

మాల్యాద్రికి ఆ మాట ఎక్కలేదు. "పద పాపా," అన్నాడు.

ప్రత్యూష లేవలేదు. చూపు తెర మీదే ఉంది.

"ఉండు నాన్నా. మూడుని నూరుతో భాగించమన్నా. రెండూ పూర్తి అంకెలే కదా, ఇది కూడా పూర్తి అంకే ఇస్తాది. చిల్లర పారేస్తాది. అందుకే సున్నా." మూడు పక్కన చుక్క పెట్టి సున్నా కొట్టింది. మేత ఎంతో కిలోల్లో వచ్చింది. "తప్పు దాంది కాదు నాన్నా, నాది."

మాల్యాద్రి వంగి చూశాడు. అంకె తాను వేసే మేతకు దగ్గరగానే ఉంది.

"అయితే పైథాన్‌కి ఎప్పుడు మారస్తారు?"

విజయకుమారి పెదవి వంగింది. ఆయనకు కుర్చీ చూపలేదు. "మీ అమ్మాయిని అడగండి."

"ఇది పూర్తయినాకే నాన్నా. నేను రాను, నువ్వు పో," అంది ప్రత్యూష, తర్వాతి గుంట బరువు కొడుతూ.

ఆయన మెట్లు దిగి, కింద సెంటరు కొత్త ఫ్లెక్సీ కడుతున్నవాణ్ని ఆపి అడిగాడు.

"ఏమబ్బా, ఇప్పుడు ఏది నడస్తా ఉండాది?"