తొమ్మిది రోజులు జేబులో ఉన్న పేపరు

మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటివాణ్ని నేనే. 1982 సెప్టెంబరులో మళ్లీ రాసిన ఒక్క పరీక్షతో బి.ఏ. గట్టెక్కాను. నిజామాబాద్ బస్టాండులో కొన్న పేపర్లో పాసైనవాళ్లలో నా నంబరు కనబడగానే బోధన్ బస్సెక్కాను. ఎడపల్లి వచ్చేలోగా నాలుగుసార్లు చూసుకున్నాను. పక్కసీటాయనకు చెప్పబోయి ఆగాను. ముందు మా నాన్నకే, బాపుకే చెప్పాలి.

చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా ఆగి ఉన్నాయి. మా బండి ఎడ్లను గుర్తుపట్టాను. తోలుకొచ్చిన బాపు లేడు. వెనక బండి పెద్దాయన దిగి వచ్చాడు.

"బాపును దవాఖానకు తోలిచ్చినం బిడ్డా. పొద్దుగాల్నే రొమ్ముల నొప్పన్నడు. గ్యాసనుకోని సోడా తాగిండు. పోదాం పా అంటే లైన్ పోతది, చెరుకు ఎండుతది అన్నడు. పగటాల్లకు, ఎండ నెత్తి మీదికి రాంగనే పడిపోయిండు."

దవాఖాన వరండాలోనే డాక్టరు నన్ను ఆపాడు. "గుండెకు పోయే రక్తం గడ్డకట్టి ఆగింది. గడ్డ కరిగించే మందు బయటి దేశాల్లో వాడి చూస్తున్నారట, అదీ నొప్పి మొదలైన గంటల్లోనే. మన దగ్గర ఆక్సిజన్, నొప్పికి సూది, మంచం, అంతే. పొద్దున్నే తేవాల్సింది. ఇక కదిలించొద్దు. దుఃఖమే కాదు, సంతోషం కూడా చెప్పొద్దు."

జేబు మీద చెయ్యి పెట్టుకుని తలూపాను.

లోపల బాపు కళ్లు తెరిచి ఒక్కటే అడిగాడు. "బండికాడ ఎవలున్నరు?"

తిరిగిపోయి బండెక్కాను. వరుస కదిలినప్పుడల్లా ఎడ్లను అదిలిస్తూ సాయంత్రం దాకా కూర్చున్నాను.

"కాలేజిల సదివెటోనివి, గిప్పుడు మాతోని లైన్ల పడ్డవా?" అని పెద్దాయన నవ్వించబోయాడు. నవ్వాను. పాసైన సంగతి చెప్పలేదు. అంతమంది మధ్య నాకు ఎవరూ లేనట్టే ఉంది. బాపు బతుకుతాడా అన్నది ఒక భయం. నా మాట వినకుండానే పోతాడేమోనన్నది ఇంకో భయం. ఆ రెండోదానికి సిగ్గుపడ్డాను.

కన్నతల్లి అవ్వకు కూడా చెప్పలేదు. ఆమె ముఖం చూస్తే బాపు పట్టేస్తాడు. రోజూ మంచం పక్కన కూర్చుని ఎడ్ల సంగతులే మాట్లాడాను.

తొమ్మిదో రోజు డాక్టరు ఇక చెప్పొచ్చన్నాడు. పేపరు విప్పి, "పాసైన బాపూ" అంటూ బాపు వేలు పట్టి నా నంబరు మీద పెట్టాను.

"ఎన్నడచ్చింది గిది?"

"నువ్వు పడిపోయిన్నాడే."

"గిన్ని దినాలు ఒక్కనివే పెట్టుకున్నవా?"

"నువ్వు సుత నా లెక్కనే నొప్పి పట్టుకోని పగటాల్లదాక బండి మీదనే కూసున్నవు గద బాపూ."

బాపు పేపరును పాత మడతల్లోనే మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. చాలాసేపు చెయ్యి అక్కడే ఉంచాడు.