డిక్కీలో దొరికిన సాక్ష్యం

పిల్లలూ, ఈ పెద్దమ్మ ఎంత జాగ్రత్త మనిషో మీ అమ్మ చెప్పే ఉంటుంది. ఆ జాగ్రత్త మా కారు బ్యాటరీని ఎలా మింగిందో మాత్రం కాకినాడలో ఎవరికీ తెలియదు. నేను తెలియనివ్వలేదు.

బెంగళూరులో మేం సెకండ్‌హ్యాండ్ కారు కొన్న మొదటి ఏడు. ఆయుధపూజ వచ్చింది. ఇక్కడ ఆ రోజు సైకిల్ నుంచి బస్సు దాకా కడగని బండి ఉండదు. అందరూ పైపైన నీళ్ళు పోసి బొట్టు పెడతారు. నేనలా ఊరుకుంటానా? పాత టూత్‌బ్రష్‌తో డిక్కీ మూత లోపలి అంచులు కూడా తోమాను. అక్కడ నల్లటి రబ్బరు బిళ్ళ ఒకటి అతుక్కుని ఉంది. పీకేశాను. మా వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. ఫ్రిజ్ మీదా తలుపుల మీదా ఏదో ఒకటి అంటించడమే వాడి పని. పిలిచి అడిగాను.

"నేను కాదమ్మా," అన్నాడు.

అయినవాళ్ళకి దూరంగా పిల్లల్ని పెంచుతున్నాం, అబద్ధాలు అలవాటైతే మందలించడానికి ఇక్కడ తాతలూ మామయ్యలూ లేరని నా భయం. ఒప్పుకునేదాకా క్రికెట్ లేదన్నాను. వాడు ఒప్పుకోలేదు. బిళ్ళని కాగితంలో చుట్టి, సాక్ష్యంగా హ్యాండ్‌బ్యాగులో దాచాను.

ఆ వచ్చిన సోమవారం కీ తిప్పితే కారు 'టిక్' అని ఊరుకుంది. అప్పటినుంచి శని, ఆదివారాలు బయటికి తీయకపోతే చాలు, బ్యాటరీ ఖాళీ. స్టీరింగ్ దగ్గర నేను, వెనక తోస్తూ మీ పెదనాన్న, ఆయన పక్కన స్కూలు యూనిఫాంలో మా వాడు.

ఇక మేధావులు దిగారు. మీ పెదనాన్న బెంగళూరు చలి అన్నారు. పై ఫ్లాట్ సాఫ్ట్‌వేర్ ఆయన అన్నీ ఆపి మళ్ళీ ఆన్ చేయమన్నాడు. ఆయనకి తెలిసిన వైద్యం అదొక్కటే. వీధి చివరి మెకానిక్ కొత్త బ్యాటరీ అంటగట్టాడు. అదీ సోమవారానికల్లా చచ్చింది. ఒక్కరికైనా పని మీద శ్రద్ధ ఉందా అని అందరినీ ఈసడించాను. నాలాగా మూలమూలా చూసేవాళ్ళుంటే ఈపాటికి దొరికేదని కూడా అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

చివరికి ఒక శనివారం ముగ్గురం బెంగళూరులోనే మడివాళ పేటలో ఒక ముసలి ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళాం. తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగాయన. ఇంజిన్ ఆపించి, బ్యాటరీకి మీటరు తగిలించి, ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ వచ్చాడు. ఒకటి పీకగానే మీటరు ముల్లు పడిపోయింది, కరెంటు తాగుతున్నది ఆ దారిలోనేనట. దాన్ని మళ్ళీ పెట్టి, వెనక సీటు మడిచి నన్ను పిలిచాడు.

"తల పెట్టి చూడమ్మా. డిక్కీ మూసినా లోపల లైటు ఎలుగుతానే ఉండాది."

చూశాను. మా స్టెప్నీ మీద పెళ్ళిపందిట్లో ఉన్నంత వెలుగు.

"మూత ఏస్తే స్విచ్చిని ఒత్తేదానికి ఈడొక రబ్బరు బిళ్ళ ఉండాల. ఎవురప్పా పీకినారు?" అని మీ పెదనాన్నని అడిగాడు.

మీ పెదనాన్న నా వైపు చూశారు. మా వాడు నా హ్యాండ్‌బ్యాగు వైపు చూశాడు.

కాగితం విప్పి ఇచ్చాను. మూత అంచులో ఉన్న కంతలో అది టక్కున కూర్చుంది. మూత వేస్తే లైటు ఆరింది.

అబద్ధం ఆడకూడదని వాడికి నేర్పాను గానీ, తప్పు ఒప్పుకోవడం నేను నేర్చుకోలేదు. మర్నాడు బ్యాటు చేతికిచ్చి, ఏదో క్షమించినట్టు, పోయి ఆడుకోమన్నాను.

ఇన్నేళ్ళయినా తప్పు నాదేనన్న మాట నోరు దాటలేదు. ఈసారి మీ అన్నయ్య, అదే మా వాడు, ఫోన్ చేస్తే మీరే చెప్పండి, పెద్దమ్మ ఒప్పుకుందని. ఒప్పుకునేదాకా క్రికెట్ లేదన్న రూలు నాదే కదా, నాకూ అదే శిక్ష. టీవీలో మ్యాచ్ మొదలైతే నేనింకా వంటింట్లోకే పోతున్నాను.