మడ్‌గార్డు కింది మట్టి

బావ పోయాడని మంగళవారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "నిద్దట్లోనే ఎలిపోనాడురా, ఒక్క మాటైనా ఆడ్నేదు" అని ఏడ్చింది. నాకు ముందు నమ్మబుద్ధి కాలేదు. మా అక్క మొగుడు ఏ పనీ చప్పుడు లేకుండా చేసిన మనిషి కాడు.

స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో బావ అక్కడ ఫిట్టరు. కాపురం కూర్మన్నపాలెంలో. చెయ్యి ముందు, మాట వెనక. అయినా ఆయన తగువుకి ఒక పద్ధతుండేది. "ముందు బండి స్టాండెయ్యాల, తర్వాతే తగువాడాల" అనేవాడు. నిజంగానే మోటారుసైకిల్‌కి స్టాండు వేసి, తాళం జేబులో పెట్టుకుని, అప్పుడు వెళ్లి కొట్టేవాడు.

ఆ బండి మీద మేమిద్దరం ఓసారి పంజాబు దాకా వెళ్లి, కలకత్తా మీదుగా తిరిగొచ్చాం. దారి పొడుగునా బండి కడగనివ్వలేదు. "దేశం మట్టంతా నీకు తెత్తాను" అని చిన్నకూతురికి మాటిచ్చాడు మరి. బీహారులో ఒక పెట్రోలు బంకువాడు మర్యాదకి ట్యాంకు తుడవబోతే వాడి కాలరు పట్టుకున్నాడు. నేను అడ్డం పడకపోతే ఇద్దరం అక్కడే జైలుకూడు తినేవాళ్లం.

ఆఖరి రోజు. ఆనందపురం దాటితే ఇంటికొచ్చినట్టే. జంక్షన్‌కి ఇవతల రోడ్డు నిండా జనం. లారీ గుద్ది ఒక ఎద్దు చచ్చిపడుంది. డ్రైవరుని కిందకి లాగి కొడుతున్నారు. ఉత్తరాది మనిషి, మన మాట రాదు. చేతులు జోడిస్తే, జోడించిన చేతుల మీదే కర్ర పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఒకడు బండరాయి ఎత్తి అతని తలకి గురి చూస్తున్నాడు.

బావ స్టాండు వేయలేదు. ఇంజను ఆపకుండానే బండిని నా మీద వదిలేసి పరిగెత్తాడు. ఆ బరువుకి నేనూ బండీ కలిసి పడ్డాం. కింద పడే చూశాను. తలకి ప్లాంటులో పెట్టుకునే హెల్మెట్టుతోనే వెళ్లి, రాయి ఎత్తినవాడి మొహాన గుద్దాడు. వాడి పళ్లు రాలాయి. ఇంకొకణ్ణి గొంతు పట్టుకుని లారీ చక్రానికేసి కొట్టాడు. తర్వాత పదిమంది బావ మీద పడ్డారు. కర్రదెబ్బకి హెల్మెట్టు చీలిపోయింది. అప్పుడు బావ కొట్టడం మానేసి, డ్రైవరు మీద బోర్లా పడుకున్నాడు. దెబ్బలన్నీ తన వీపు మీదే. తిరిగి కొట్టకుండా బావ దెబ్బలు తినడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"సంపీండ్రా! ఈణ్ణి సంపితే ఎద్దు లెగుత్తాదేటి? ఆళ్ల ఊర్లో నాకు పిలిచి రొట్టెట్టేరు. మనూర్లో మనం పెడతన్నది ఇదేటి?" అని అరిచాడు.

ఎద్దు తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్న రైతు తలెత్తాడు. "ఒగ్గీండ్రా. నా ఎద్దుతో పాటు ఇంకో పేనం వద్దు" అన్నాడు. కర్రలు కిందికి దిగాయి.

డ్రైవరుని మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అతని రక్తం నా చొక్కా తడిపి, సీటు మీంచి ఇంజను మీద పడి మాడువాసన వేసింది. బతుకుతాడని డాక్టరు చెప్పాక, బావ గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. అలాంటి మనిషికి బామ్మర్దినైనందుకు నాకు ఇవాళ్టికీ గర్వమే.

ఇల్లు ఇంకాస్త దూరముందనగా ఒక కుళాయి దగ్గర ఆగి బండి కడగడం మొదలెట్టాడు.

"మట్టంతా పోతాది బావా" అన్నాను.

"పోనీరా. పిల్ల రగతం సూడకూడదు."

పంజాబు నుంచి మోసుకొచ్చిన మట్టి ఎర్రనీళ్లలో కలిసి కాలవలోకి పోయింది.

ఇంటి ముందు పిల్ల బండి చుట్టూ తిరిగి చూసింది. "మట్టేది నాన్నా? నువ్వసలు ఎల్నేదు కదా!" అంది. పెదవి వాచిపోయి బావ నవ్వలేకపోయాడు. పిల్ల చెయ్యి పట్టుకుని వెనక మడ్‌గార్డు కిందకి పోనిచ్చాడు. "ఇక్కడ తడిమి సూడు. కొంచెం మిగిలింది" అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు బండి కడిగినా అక్కడ మాత్రం నీళ్లు పడనివ్వలేదు.

మొన్న సమాధుల తోటలో పాస్టరుగారి ప్రార్థన అయ్యాక అందరం తలో గుప్పెడు మట్టి వేశాం. ఆఖర్న ఆ చిన్నకూతురు వచ్చింది. పొద్దున షెడ్డులో స్క్రూడ్రైవరు పట్టుకుని బండి పక్కన కూర్చుంటే, ఎందుకో నాకు తట్టలేదు. కొంగుముడి విప్పి అందులోది పెట్టె మీదకి మెల్లగా జారవిడిచింది. మేం వేసిన ఎర్రమట్టి మీద ఆ బూడిదరంగు పెళ్లలు విడిగా కనిపిస్తూనే ఉన్నాయి.