నడిబొడ్డున రెండో పొయ్యి

శృంగవరపుకోట సంతలో పసుపు కొమ్ములు అమ్మే కొండామె నన్ను చూసి, నెత్తిమీది తట్ట దించకుండానే చెప్పింది: “రాయితాత పోనాడు బాబూ.”

“ఎప్పుడు? ఎలా?”

“ఎవులు సూసినారు? కొండమీద పొగ లెగనేదు. రెండు పొద్దులు సూసి మావోళ్ళు ఎల్లినారు. అప్పటికే అయిపోనాది.”

ఒక మనిషి పోయాడని, పొగ ఆగిపోతే తెలిసింది. పాఠకులు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలని కోరుతున్నాను.

అనంతగిరి దాటాక ఒక కొండ నెత్తిన గుండెలెత్తు సున్నపు దిమ్మె ఉంది. వెనుకటి సర్వే దొరలు కొలిచి కొలిచి, ఈ కొండదేశానికంతటికీ నడిబొడ్డు ఇదేనని తేల్చి కట్టించారు. మన పట్నం పెద్దలు ఫలహారాల బుట్టలతో అక్కడికెక్కి, దిమ్మెమీద చెయ్యి వేసి, దేశం నడుమ నిలబడ్డామని మురిసి దిగివస్తారు. ఆ పక్కనే ఒక గుడిసె ఉందని వారిలో ఒక్కరూ నాకు చెప్పలేదు. దొరలకు మనుషులు కనపడలేదంటే సరే, వాళ్ళు దుర్భిణిలోంచి చూస్తారు. మనకేమైంది?

నేను మొదట వెళ్ళింది ఆ రాతిని తిట్టడానికే. కొలిచినవాడిదే భూమి అయిపోవడం ఏ న్యాయమని ఒక వ్యాసం తలపెట్టి ఉన్నాను. గుడిసెలోంచి ఒక ముసలాయన, ఈ రాయితాతే, బయటికి వచ్చాడు.

“మా ఊరికొచ్చినావా బాబూ? కూకో.”

“ఊరెక్కడుంది తాతా?”

“ఇదే.”

“జనమేరీ?”

“నాను లేనేటి? ఊరి పెద్దా నానే, బారికీ నానే. నానే సాటింపు ఏత్తాను, నానే ఇనుకుంటాను. ఇంతవరకూ మా ఊర్లో తగువన్నది నేదు!”

రాగులనే అక్కడ చోళ్ళంటారు; ఆ చోడి అంబలి పోస్తూ సంగతి చెప్పాడు. పడుచుతనంలో సర్వేవాళ్ళ కొలత గొలుసు మోశాడట. దిమ్మెకు గొయ్యి తవ్వింది ఆయనే. కొండవాళ్ళు కొత్త ఊరు కట్టేముందు నడుమ ఒక రాయి నాటుతారు. నాటబోయే చోట ఆకుదొప్ప కింద బియ్యపు గింజలు ఉంచి, తెల్లవారి తీసి చూస్తారు. గింజలు కదలకపోతే ఊరు నిలుస్తుంది. దొరలకు ఈ సంగతి తెలియదు కదా అని, పాపం, వాళ్ళ తరఫున ఆయనే దొప్ప పెట్టాడు. తెల్లవారేసరికి సగం గింజలు చీమలు మోసుకుపోయాయి. చెబితే దొరలు నవ్వారు. దిమ్మె కట్టేసి, గుడారాలు ఎత్తేసి, తమ దారిన పోయారు.

“రాయి నాటీసి వొగ్గేసి పోతే ఎలాగ బాబూ? ఒక్క పొయ్యయినా ఉండాల. గొయ్యి తవ్వినోణ్ణి నానే గదా.”

అందుకని అక్కడే గుడిసె వేసుకున్నాడు.

“మరి పెళ్ళి?”

“గింజలు కదిలిపోయిన సోటికి ఏ గుంటొస్తాది?” అని ఆయన నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

నవ్వలేక వాదనకు దిగాను. “తాతా, అది ఊరిరాయి కాదు. వట్టి కొలత గుర్తు.”

“గుర్తా? మరి ఊరిరాయి ఏటి బాబూ?”

ఎన్నో సభల్లో ఎందరి నోళ్ళో మూయించినవాణ్ణి. అంబలి ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆయన తరచు అనే మాట ఒకటుంది: “ఒక్క పొయ్యుంటే గుడిసి. రెండు పొయ్యిలుంటే ఊరు.” తన గుడిసెకు ఎదురుగా, దిమ్మెకు అవతల, మూడు రాళ్ళు పేర్చి ఉంచాడు. “ఒక్క పూట నువ్వు పొయ్యెలిగించు బాబూ. నీ అంబలి నువ్వు కాసుకో, నాది నాను కాసుకుంటాను. ఊరైపోద్ది.”

నేను ఒప్పుకోలేదు. మూఢనమ్మకానికి నిప్పు అందించనని చెప్పాను. అది సిద్ధాంతమని ఆనాడు గర్వపడ్డాను కూడా. ఆయన కోపగించుకోలేదు. “సరే, మల్లొచ్చినప్పుడు,” అన్నాడు.

తరువాత మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ ఆయన పొయ్యిమీది అంబలే తాగాను, వాదించాను, దిగివచ్చాను. వెళ్ళినప్పుడల్లా ఆ మూడు రాళ్ళ చుట్టూ ఊడ్చి ఉండేది. పక్కన ఎండుపుల్లల మోపు ఉండేది. వాన తగలకుండా దానిమీద అడ్డాకులు కప్పి ఉండేవి. ఇదంతా నాకు కనపడుతూనే ఉంది. ఊరంటే తోటిమనిషి అని ఆయన నాకు అంబలి పోసి మరీ నేర్పుతున్నాడు. నేను మాత్రం ఆయనకు హేతువు నేర్పడానికి కొండెక్కుతున్నాననుకున్నాను.

దొరల మీద నా కోపం చల్లారలేదు, చల్లారదు. కాని వాళ్ళు గొలుసు మోసేవాణ్ణే చూశారు, మనిషిని చూడలేదు. నేను చూశాను, తిన్నాను, ఒక పూట నిప్పు ఇవ్వలేదు. ఎవరి తప్పు పెద్దదో పాఠకులే తేల్చండి.

కబురు విన్న మర్నాడు కొండెక్కాను. గుడిసె తలుపు తడిక దగ్గరగా వేసి ఉంది. దిమ్మె చుట్టూ గడ్డి అప్పుడే చీలమండల దాకా లేచింది. అడ్డాకులు తీసి చూస్తే పుల్లలు పొడిగానే ఉన్నాయి. మూడు రాళ్ళ మధ్య పేర్చి వెలిగించాను. ముంత పెట్టి, ఆయన చోడిపిండే కలిపి అంబలి కాచాను.

పొగ తిన్నగా పైకి లేచింది. కింద చేలల్లో పనిచేసుకుంటున్న ఎవరో ఇద్దరు తలెత్తి, చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశారు.

దిమ్మెకు ఇవతల ఆయన పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. కొండమీద పొగ ఆవేళా ఒక్కటే.