తంబాకు డబ్బాకు ఆనించిన ఫోన్

జలపతి సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. బయటివాళ్లు వాటిని మరమగ్గాలంటారు. అంతకుముందు తొమ్మిదేళ్లు మస్కట్‌లో ఆఫీసులు ఊడ్చాడు. అందుకే వీసా చేతికొచ్చిన ప్రతివాడూ ఆయన దగ్గరికే వస్తాడు.

మొన్న ఆదివారం పక్కింటి మధుకర్ వచ్చాడు. "అన్నా, పోవుడు మంచిదా, ఉండుడు మంచిదా?"

జలపతి అందరికీ చెప్పేదే చెప్పాడు. "గాడ పైసలుంటయ్ తమ్మీ, మనుషులుండరు. ఇంటికాడ కలో గంజో తాగినా పెండ్లాం పిల్లలతోని ఉంటం."

గుమ్మం దగ్గర బీడీలు చుడుతున్న ఆయన భార్య జమునకు ఒళ్లు మండింది. చేతిలోని ఆకు చాటలో పడేసింది.

"ఏం ఉంటున్నవ్? మస్కట్‌ల ఉన్నప్పుడు రోజూ గంటసేపు మాట్లాడెటోనివి. ఫోన్ గీ తంబాకు డబ్బకు ఆనిచ్చి, బీడీలు చేస్కుంట వింటుంటి. ఇప్పుడు పన్నెండు గంటలు సాంచల కాడ, అచ్చి తిని పండుడు. నాతోని మాట్లాడి ఎన్ని రోజులైంది?"

మధుకర్ మెల్లగా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మరునాడు మధ్యాహ్నం కరెంటు పోయి సాంచాలు ఆగాయి. జమున ఫోన్ మోగింది. వీడియో కాల్. తీసి, పాత అలవాటుకొద్దీ తంబాకు డబ్బాకు ఆనించింది. తెర మీద జలపతి.

"తిన్నవా?" అన్నాడు.

"తిన్న. నువ్వు?"

కరెంటు వచ్చేదాకా మాట్లాడుకున్నారు. సాంచాల షెడ్డు వాళ్లింటికి నాలుగిళ్ల అవతలే ఉంది.